కార్మికుల జీతం పెంచాలంటే పంచాయతీ ఏ ఆదాయాన్ని నమ్ముకోవాలి?

పంచాయతీలో ఆరుగురు పారిశుద్ధ్య కార్మికులు ఉన్నారనుకోండి. ఒక్కొక్కరికి నెలకు 1,500 రూపాయలు పెంచాలని పాలకవర్గం అనుకుంది. ఏడాదికి 1,08,000 కావాలి. పీఎఫ్, ఈఎస్‌ఐ వర్తించే చోట యజమాని వాటా కూడా లెక్కలోకి వస్తుంది. నిర్వహణ రుసుములతో కలిపి పీఎఫ్‌కు 13 శాతం, ఈఎస్‌ఐకి 3.25 శాతం, అంటే ఇంకో 17,550. ఈ మొత్తం ఎక్కడి నుంచి తేవాలన్న దగ్గరే చాలా పంచాయతీల్లో మాట ఆగిపోతుంది. ఒకరు ఇంటి పన్ను పెంచుదామంటారు, ఒకరు ఆర్థిక సంఘం నిధులు ఉన్నాయి కదా అంటారు, ఇంకొకరు సంత వేలం పాట డబ్బు చూపిస్తారు. ఈ మూడూ, వీటితో పాటు మరో మూడు దారులూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

ముందే ఒక సంగతి. జీతం పెంపు ఒకసారి పెట్టి వదిలేసే ఖర్చు కాదు. స్థానిక సంస్థల్లో పని 1948 నాటి కనీస వేతనాల చట్టం షెడ్యూలులోనే ఉండేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కనీస వేతనాన్ని అన్ని రకాల పనులకూ వర్తింపజేసింది, ఐదేళ్లు దాటకుండా సమీక్షించాలంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనీస వేతనాల మీద కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లో, అక్టోబరులో మారుతుంది. ఖర్చు ఇలా ఏటా పెరుగుతూ పోతుంటే, దాని వెనక నిలబెట్టే ఆదాయమూ ఏటా రావాలి, ఎంతో కొంత పెరుగుతూ ఉండాలి. కింద చెప్పేదంతా ఈ కొలతతోనే.

## దేన్ని బట్టి తేల్చుకోవాలి

ప్రతి ఆదాయాన్నీ ఐదు ప్రశ్నలు అడగండి.

1. ఈ డబ్బును జీతాలకు వాడవచ్చా?
2. ప్రతి ఏడాదీ వస్తుందా?
3. ఊరు పెరిగితే ఇదీ పెరుగుతుందా?
4. చేతికి ఏ నెలలో వస్తుంది? జీతం నెలనెలా ఇవ్వాలి.
5. భారం ఎవరి మీద పడుతుంది?

మొదటి ప్రశ్నకు ‘కాదు’ అని జవాబు వస్తే మిగతా నాలుగూ అడగనక్కర్లేదు. ఆడిట్ పేరాలు, అంటే ఆడిట్ అభ్యంతరాలు, ఎక్కువగా పడేది అక్కడే.

| ఆదాయం | జీతానికి వాడవచ్చా | ఏటా వస్తుందా | పెరుగుతుందా | ఎప్పుడు చేతికి | భారం ఎవరిది |
|---|---|---|---|---|---|
| ఇంటి పన్ను | వాడవచ్చు | వస్తుంది | కొలతలు సరిచేస్తే | ఎక్కువగా ఫిబ్రవరి, మార్చి | ఇంటి యజమానులు |
| కుళాయి రుసుము | నీటి పని చేసేవారికి | వస్తుంది | కొత్త కనెక్షన్లతో | నెలనెలా | కుళాయి ఉన్నవారు |
| సంత, చెరువు, షాపు గదులు | వాడవచ్చు | హెచ్చుతగ్గులతో | పోటీని బట్టి | పాట షరతుల ప్రకారం | వ్యాపారులు, పాటదారులు |
| రిజిస్ట్రేషన్ వాటా | వాడవచ్చు | మార్కెట్‌ను బట్టి | ఒక్కసారిగా పెరిగి, పడిపోతుంది | ప్రభుత్వం విడుదల చేసినప్పుడు | స్థలాలు కొనేవారు |
| ఆర్థిక సంఘం నిధులు | అన్‌టైడ్ (ఒక పనికే అని కట్టేయనివి) వాడకూడదు | షరతులకు లోబడి | పంచాయతీ చేతిలో లేదు | విడతలుగా | కేంద్రం |
| విరాళాలు | దాత షరతును బట్టి | నమ్మకం లేదు | లేదు | ఎప్పుడైనా | దాతలు |

## ఇంటి పన్ను: కష్టమైనదే, అయినా మొదట చూడాల్సింది

రిజర్వ్ బ్యాంకు 2024 జనవరిలో పంచాయతీల ఆర్థిక పరిస్థితి మీద ఒక నివేదిక ఇచ్చింది. దాని ప్రకారం 2022–23లో దేశంలోని పంచాయతీల మొత్తం ఆదాయంలో సొంత పన్నుల వాటా 1.1 శాతమే. సగటున ఒక పంచాయతీకి సొంత పన్నుల ద్వారా వచ్చింది 21,000 రూపాయలు, పన్నేతర ఆదాయం 73,000. కేంద్రం గ్రాంటు మాత్రం సుమారు 17 లక్షలు. అంతా పైనుంచే వస్తుంటే, పైనుంచి వచ్చే డబ్బుతో చేయకూడని పనులు ఆగిపోతాయి. జీతం వాటిలో మొదటిది.

ఇంటి పన్ను అనగానే రేటు పెంచడమేనని చాలామంది భయపడతారు. నిజానికి ఇందులో మూడు వేర్వేరు పనులున్నాయి: ఉన్న డిమాండ్‌ను, అంటే ఏడాదికి రావాల్సిన మొత్తం పన్నును, పూర్తిగా వసూలు చేయడం, డిమాండ్‌లో తప్పిపోయిన ఇళ్లను చేర్చడం, రేటు పెంచడం. ఈ వరసలోనే వెళ్లండి. మొదటి రెండూ సరిగ్గా జరిగితే మూడోదానితో చాలా ఊళ్లకు పనే ఉండదు.

లెక్క వేసి చూద్దాం. 600 ఇళ్ల ఊరు, ఇంటికి సగటు పన్ను 450. డిమాండ్ 2,70,000. వసూలు 60 శాతం ఉంటే చేతికి వచ్చేది 1,62,000. దాన్ని 90 శాతానికి తెస్తే 2,43,000, అంటే 81,000 అదనం. రిజిస్టరులోకి ఎక్కని కొత్త ఇళ్లు 40 దొరికితే, 90 శాతం వసూలు లెక్కన 16,200. పాత రేకుల ఇల్లు స్లాబుగా మారినవి, పైన అంతస్తు వేసినవి 70 ఉండి ఒక్కోదానికి 300 పెరిగితే మరో 18,900. మొత్తం 1,16,100. ఆరుగురికి 1,500 చొప్పున ఇచ్చే 1,08,000 ఇందులోనే వచ్చేసింది, రేటు ఒక్క పైసా పెంచకుండా. పీఎఫ్, ఈఎస్‌ఐ వాటా కూడా కట్టాల్సి వస్తే మాత్రం ఇంకా 9,450 తగ్గుతుంది. దాన్ని కుళాయి రుసుములోంచి సర్దడం ఎలాగో తర్వాతి భాగంలో ఉంది.

ఈ లెక్కలో చేయకూడని తప్పులు రెండు. పాత బకాయిల వసూలును ఇందులో కలపకూడదు, అది ఒక్కసారి వచ్చే డబ్బు. ఇంటి పన్నుతో పాటు రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్నునూ కలపకూడదు. అది జిల్లా గ్రంథాలయ సంస్థకు జమ చేయాల్సిన సొమ్ము. దాన్ని వాడేసుకున్న పంచాయతీలకు ఆ బాకీ ఏటా పేరుకుపోతూ ఉంటుంది.

ఇళ్ల సర్వేకు ఇద్దరిద్దరుగా వెళ్లాలి, ఒకరు టేపుతో, ఒకరు కాగితంతో. ఇంటి నంబరు, యజమాని పేరు, పైకప్పు రకం, కట్టుబడి కొలత, వాడకం రాసుకోవాలి. ముందు గదిలో కిరాణా కొట్టు పెట్టి వెనక కాపురం ఉంటే రెండు భాగాలూ విడిగా రాయాలి. పాత డిమాండ్ రిజిస్టరు చేతిలో పెట్టుకుని వెళ్తే చూపు దాని మీదే ఉంటుంది, కొత్త గదులు కనబడవు. సర్వే అయ్యాక సరిపోల్చుకోండి. స్వమిత్వ పథకం కింద డ్రోన్ సర్వే పూర్తయిన ఊళ్లలో ఆ పటం తీసుకుంటే తప్పిపోయిన ఇళ్లు ఒక్క పూటలో తేలతాయి.

ఎక్కువగా చిక్కులు వచ్చేది అన్నదమ్ముల పంపకాల దగ్గర. తండ్రి పేరు మీద ఒక నంబరు ఉంటుంది. పంచుకున్నాక ఇద్దరు కొడుకుల పేర్ల మీద రెండు కొత్త నంబర్లు ఇస్తారు, పాతది మాత్రం కొట్టేయరు. చనిపోయిన మనిషి పేరు మీద ఏటా డిమాండ్ పడుతూనే ఉంటుంది, బకాయి శాతం పెరిగినట్టు కనబడుతుంది. ఇలాంటి పద్దులు ముందు ఏరేస్తే అసలు వసూలు శాతం తెలుస్తుంది. పోరంబోకులో ఉన్న ఇళ్లవాళ్లకు మరో భయం, పన్ను వేస్తే ఖాళీ చేయిస్తారేమోనని. ఇంకొందరు రసీదు వస్తే స్థలం తమదైపోయిందనుకుంటారు. ఇంటి పన్ను రసీదు యాజమాన్య పత్రం కాదని గ్రామసభలో ముందే స్పష్టంగా చెప్పాలి.

తాళం వేసిన ఇళ్లు మరో సమస్య. హైదరాబాద్, బెంగళూరు, అమెరికా వెళ్లినవారి ఇళ్లకు బిల్లు తలుపు సందులో పెట్టి వస్తే వసూలు కాదు. దగ్గరి బంధువుల దగ్గర ఫోన్ నంబరు తీసుకుని, బిల్లు ఫొటో, ఆన్‌లైన్‌లో కట్టే వివరం పంపితే వీళ్లలో ఎక్కువమంది ఆ రోజే కడతారు. కట్టలేక ఆపినవారు కాదు, అడిగినవారు లేక ఆపినవారు.

పెరిగిన పన్నుకు నోటీసు ఇచ్చి, అభ్యంతరాలకు గడువు ఇచ్చి, విచారించాకే డిమాండ్‌లో ఎక్కించాలి. తొందరపడి గడువు ఇవ్వకపోతే పై అధికారి దగ్గర మొత్తం కసరత్తు కొట్టుకుపోతుంది. బిల్లులు ఏప్రిల్‌లోనే పంచండి. ఫిబ్రవరిలో పంచితే మార్చి నెలాఖరు హడావుడిలో సగమే వస్తుంది.

## కుళాయి రుసుము: ఒక్కరి జీతానికి సరిపోతుంది, అందరికీ కాదు

350 కుళాయిలు, నెలకు 50 రూపాయలు. అందరూ కడితే ఏడాదికి 2,10,000. చూడగానే ఆశ పుడుతుంది. కానీ కరెంటు బిల్లు, బ్లీచింగ్ పౌడర్, మోటారు రీవైండింగ్, పైపు లీకేజీలు దీంట్లోంచే పోవాలి. నీటి డబ్బు చెత్త ఎత్తే పనికి మళ్లిస్తే ఎండాకాలంలో మోటారు కాలిన రోజున ఊరంతా పంచాయతీ ఆఫీసు ముందు ఉంటుంది.

దీన్ని వాటర్‌మ్యాన్ జీతం పెంపుకు మాత్రమే కట్టేయండి. అతనికి ఏడాదికి కావాల్సిన పెంపు 18,000. కుళాయికి నెలకు 5 రూపాయలు పెంచితే 21,000 వస్తుంది. అంటే నూటికి 86 మంది కట్టినా చాలు. నీళ్లు వదిలే మనిషి జీతానికే ఈ 5 రూపాయలని చెబితే జనం ఒప్పుకుంటారు, ఎందుకంటే ఆ మనిషి రోజూ కనబడతాడు. వాటర్‌మ్యాన్ ఆ ఆరుగురిలో ఒకరైతే ఇంటి పన్ను మీద పడే భారం 90,000కు తగ్గుతుంది, ఇందాక తగ్గిన పీఎఫ్ వాటాకూ చోటు దొరుకుతుంది. నీళ్లు రోజు విడిచి రోజు వచ్చే ఊళ్లలో మాత్రం ముందు సరఫరా సరిచేసి, తర్వాతే రుసుము మాట ఎత్తాలి.

## సంత, చెరువు, షాపు గదులు

పంచాయతీకి సొంత ఆస్తి ఉంటే ఇది మంచి డబ్బే. షాపు గదుల అద్దె అన్నిటికన్నా నికరం. లీజు పత్రంలోనే ఏటా ఎంత శాతం పెరగాలో రాసుకుంటే జీతానికి ఇంతకన్నా అతికే ఆదాయం లేదు. ఆ మాట రాయకపోవడం వల్లే ఎన్నో ఏళ్ల కిందటి అద్దెల దగ్గర ఆగిపోయిన గదులు చాలా ఊళ్లలో ఉన్నాయి.

సంత, చేపల చెరువు అలా కాదు. వానను బట్టి, పాటదారుల మధ్య పోటీని బట్టి మారతాయి. వరసగా మూడేళ్లు 90,000, 1,40,000, 60,000 వచ్చిందనుకోండి. సగటు 96,000కు పైనే ఉంది కదా అని ఆ లెక్కన జీతం ఒప్పుకుంటే మూడో ఏడు 36,000 లోటు. కార్మికుడికి ‘ఈ ఏడు చెరువు నిండలేదు’ అని జీతం తగ్గించలేం. అందుకే మూడేళ్లలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన ఏడాది అంకెనే జీతానికి నమ్ముకోవాలి. ఆపైన వచ్చింది డ్రైనేజీకో, శ్మశానవాటిక ప్రహరీకో ఖర్చు పెట్టండి.

పాటలో పాడు జరిగేది సిండికేట్ దగ్గర. పాటదారులు నలుగురూ ముందే మాట్లాడుకుని సర్కారు పాట (వేలం మొదలయ్యే కనీస ధర) దగ్గరే ఆపేస్తారు. పక్క మండలాల్లోనూ టాంటాం వేయించడం, ధరావత్తు ముందే కట్టించుకోవడం, పాట సరైన ధరకు రాకపోతే వాయిదా వేసే హక్కు షరతుల్లో రాయడం, ఈ మూడూ చేస్తే చాలావరకు విరుగుతుంది. చెరువు విషయంలో మత్స్యకార సంఘం హక్కు ఏ మేరకు ఉందో చూసుకున్నాకే పాట పెట్టాలి.

## ఆర్థిక సంఘం నిధులు: నేరుగా కాదు, పక్కదారిన సాయం

2026 మార్చి దాకా నడిచిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం టైడ్, అంటే చెప్పిన పనికే వాడాల్సినవి. అందులో సగం తాగునీటికి, సగం పారిశుద్ధ్యానికి. మిగతా 40 శాతం అన్‌టైడ్, ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు. కానీ జీతాలకు, ఆఫీసు నిర్వహణ ఖర్చులకు వాడకూడదని అందులోనే ఉంది. 2026 ఏప్రిల్ నుంచి 16వ సంఘం కాలం, ఆ మార్గదర్శకాలు విడిగా చదువుకున్నాకే పద్దు పెట్టాలి.

అయినా ఈ నిధి జీతాలకు వేరే రకంగా ఉపయోగపడుతుంది. చాలా పంచాయతీలు బ్లీచింగ్ పౌడర్, పైపుల మరమ్మతు, చెత్త బండ్ల బాగు సాధారణ నిధిలోంచి పెడుతుంటాయి, టైడ్ నిధి మాత్రం ఖర్చు కాక పడి ఉంటుంది. గత ఏడాది క్యాష్‌బుక్ తీసి నీటికి, పారిశుద్ధ్యానికి సంబంధించిన ప్రతి ఓచరు పక్కనా పెన్సిల్‌తో గుర్తు పెట్టండి. వాటిలో టైడ్ నిధికి అర్హమైనవి అభివృద్ధి ప్రణాళికలో చేర్చి అక్కడికి మార్చండి. అలా 70,000 మారితే సాధారణ నిధిలో 70,000 మిగులుతుంది. ఆ డబ్బును జీతానికి వాడటానికి ఏ అడ్డూ లేదు.

అయితే అదంతా శాశ్వతమని అనుకోవద్దు. ఎన్నికైన పాలకవర్గం లేకపోతే ఈ నిధులు రావు. తెలంగాణలో 2024 ఫిబ్రవరిలో సర్పంచ్‌ల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులు వచ్చాక గ్రాంట్లు ఆగిపోయి పంచాయతీలు ఎంత అవస్థ పడ్డాయో తెలిసిందే. ఆంధ్రప్రదేశ్‌లో ఈ నిధులను విద్యుత్ బకాయిలకు సర్దేసినప్పుడు సర్పంచ్‌లు రోడ్డెక్కారు. ఇలా విడిపించిన డబ్బులో సగానికి మించి జీతాల మీద పెట్టకపోవడం క్షేమం.

## రిజిస్ట్రేషన్ వాటా, విరాళాలు

రెండు రాష్ట్రాల్లోనూ స్థిరాస్తి రిజిస్ట్రేషన్‌తో పాటు 1.5 శాతం బదిలీ సుంకం వసూలవుతుంది, స్థానిక సంస్థలకు చెందేది ఇదే. హైవే పక్క ఊళ్లలో, వెంచర్లు పడుతున్న చోట ఇది ఇంటి పన్నును మించిపోతుంది. కానీ వెంచర్లు ఆగితే ఇదీ ఆగుతుంది, విడుదల ప్రభుత్వం చేతిలో ఉంటుంది. పైగా నగరం పక్కన ఉన్న ఊరు ఎప్పటికీ పంచాయతీగానే ఉంటుందన్న భరోసా లేదు. 2024 సెప్టెంబరులో హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చుట్టుపక్కల 51 పంచాయతీలు మున్సిపాలిటీల్లో కలిశాయి. ఈ డబ్బు రోడ్లకు, షాపు గదులు కట్టడానికి పెట్టండి. ఆ గదుల అద్దె జీతాలకు వస్తుంది.

విరాళాలు, కంపెనీల సామాజిక బాధ్యత నిధులు నెల జీతానికి పనికిరావు. వాటిని కార్మికుల ఒంటి మీదికి, ఇంటికి చేరే వాటికి వాడాలి: చేతి తొడుగులు, బూట్లు, వానకోట్లు, బీమా. ప్రధానమంత్రి సురక్షా బీమా ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి బీమా 436. ఒక్కోటి 2 లక్షల బీమా. ఆరుగురికి రెండూ కడితే ఏడాదికి 2,736 రూపాయలు. సురక్షా బీమాకు 18 నుంచి 70 ఏళ్ల వారు అర్హులు, జీవన్ జ్యోతిలో చేరాలంటే 50 దాటకూడదు. ఈ చిన్న మొత్తం కూడా కట్టని పంచాయతీలు ఉండటం బాధాకరం. చెత్త బండి మీద నుంచి పడి కార్మికుడు చనిపోయాక చందాలు పోగుచేయడం కన్నా ఇది ఎంతో గౌరవం.

## మీ ఊరు ఎలాంటిదైతే ఏది

వెయ్యి లోపు జనాభా, ఇళ్లు తక్కువ, ఆస్తి లేదు: ఇంటి పన్ను ఒక్కటే 1,500 పెంపును మోయలేదు. కార్మికులూ ఇద్దరు ముగ్గురే ఉంటారు కాబట్టి, వసూలు 90 శాతానికి తెచ్చి, వాటర్‌మ్యాన్‌కు కుళాయి రుసుము ముడిపెట్టి, 750తో మొదలుపెట్టండి. ఆగకుండా వచ్చే 750, ఆరు నెలలకు ఆగిపోయే 1,500 కన్నా కార్మికుడికి మేలు.

మండల కేంద్రం లేదా సంత ఊరు: షాపు అద్దెలను పునాదిగా, సంత పాటలో కనీస అంకెను తోడుగా పెట్టుకోండి. వాణిజ్య వాడకంలో ఉన్న ఇళ్ల సర్వే ఇక్కడ ఎక్కువ ఫలితం ఇస్తుంది.

నగరం అంచున ఉన్న ఊరు: అపార్టుమెంట్లు, గోదాములు పన్నులోకి ఎక్కాయో లేదో ముందు చూడండి. రిజిస్ట్రేషన్ వాటాతో జీతాలు పెంచాలన్న ఒత్తిడి వస్తుంది, లొంగవద్దు.

ఏజెన్సీ గూడేలు: పన్ను వేయదగ్గ ఇళ్లు తక్కువ, రావాల్సిందీ తక్కువ. ఇక్కడ ఇళ్ల మీద భారం వేయడం న్యాయం కాదు. రాజ్యాంగం 243-ఐ అధికరణ ప్రకారం ఐదేళ్లకోసారి ఏర్పడే రాష్ట్ర ఆర్థిక సంఘం ముందు, ఈ పంచాయతీల కార్మికుల జీతం రాష్ట్రమే భరించాలని తీర్మానాలతో సహా అడగాలి.

## అమలులో పెట్టేటప్పుడు

పెంపును తీర్మానం చేసిన నెల నుంచే ఇవ్వకండి. మార్చి వసూళ్లు చూసి ఏప్రిల్ నుంచి మొదలుపెట్టండి. పెంపు నెలకు 9,000 అయితే మూడు నెలల మొత్తం 27,000 ఖర్చు పెట్టకుండా ఉంచాలి, ఎందుకంటే సాధారణ నిధి ట్రెజరీలో ఉంటుంది. చెక్కు మీద సంతకాలు అయినా బిల్లు పాసయ్యేదాకా డబ్బు రాదు, ట్రెజరీ చెల్లింపులు ఆపేసే ఫ్రీజింగ్ పడితే ఇంకా ఆలస్యం. బిల్లును 25వ తేదీకల్లా పంపితే కొంత నయం. జీతాల పద్దు ప్రభుత్వం పెట్టిన పరిమితి దాటుతుందేమో కార్యదర్శితో, జిల్లా పంచాయతీ అధికారి (డీపీవో) కార్యాలయంతో ముందే సరిచూసుకోండి.

తీర్మానంలో మూడు విషయాలు అక్షరాలా ఉండాలి: పెంపు ఎంత, ఏ పద్దు నుంచి, అక్టోబరు నాటికి ఆ పద్దు వసూలు సగానికి తగ్గితే ఏ ఇతర ఖర్చు ఆపుతారు. ‘జీతం తప్ప’ అన్న మాట అక్కడే రాయండి. తీర్మానం నకలు ప్రతి కార్మికుడికీ ఇవ్వాలి, చదవలేని వారికి చదివి వినిపించాలి.